మతీబూ

ముత్తుకూరు,
12-11-1961, ఆదివారం.

మహారాజశ్రీ ఖాజా మొహిద్దీన్ అన్నగారి సముఖానికి, జయరామయ్య గారి భార్య వెంకటశేషమ్మ నమస్కరించి చేసుకునే విన్నపం.

మద్రాసులో మీరూ, వదినగారూ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. మా క్షేమం రాయవలసిన చోటికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. పన్నెండేళ్ళ తరువాత ఈ ఇంటి నుంచి ఉత్తరం చూసి మీకు కోపం రావచ్చు. అయినా చించకండి. చివరిదాకా చదివి, ఆ తరువాత మీ ఇష్టం. మద్రాసు మన్నడిలో మీ కైలీ లుంగీల దుకాణం అడ్రసు ఇక్కడి మసీదులో అడిగి తెప్పించుకున్నాను.

మీ స్నేహితుడికి పక్షవాతం వచ్చింది. దసరా సెలవుల్లో ఒక సాయంత్రం ఉప్పు కొటారులో గుమాస్తా పని చూసుకుని వచ్చి కాళ్ళు కడుక్కుంటూ చెంబు జారవిడిచారు. వంగి తీయబోయి అలాగే పక్కకు ఒరిగిపోయారు. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. పది రోజులకు కాలు స్వాధీనంలోకి వచ్చింది. చెయ్యి ఇంకా రాలేదు. మాట కూడా వచ్చింది గాని, వచ్చిన మాట తెలుగు కాదు.

మొదట నాకూ గొణుగుడే అనిపించింది. తరువాత వినగా వినగా అందులో ఒక వరుస కనపడింది. బడిపంతులమ్మను కదా, ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. కుండ వైపు చూసి 'యే' అంటారు. నీళ్ళు ఇస్తే తాగి ఊరుకుంటారు. మజ్జిగ ఇస్తే తల అడ్డంగా ఊపి మళ్ళీ 'యే' అంటారు. ఆకలైతే 'తమీన్'. నొప్పిగా ఉన్న భుజం ముట్టుకుంటే 'నాదే'. మనం ఏదైనా అడిగితే, తనకు జవాబు తోచకపోతే 'మతీబూ' అంటారు, తెలియదని కాబోలు. ఆ మాట రోజుకు యాభైసార్లు అంటారు. ఇది రంగం భాషేనని నా నమ్మకం. ఆయన పుట్టింది బర్మాలో, రంగం పట్నంలో, తల్లి పోతే పెంచింది పొరుగింటి బర్మా ఆమె అని మీకు తెలుసు. ఆ చిన్ననాటి మాట లోపల ఎక్కడో చెడిపోకుండా మిగిలిపోయి, తరువాత నేర్చిన మన మాట కొట్టుకుపోయిందేమో.

ఇంట్లోనే ఉండి ఉంటే ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. ఈ నెల రెండో తేదీన నేను బడికి వెళ్ళాక ఆయన చొక్కా తొడుక్కుని కొటారు ఆఫీసుకు నడిచి వెళ్ళారు. తన కుర్చీలో కూర్చుని, రిజిష్టరు తెరిచి, ఎడమచేత్తో కలం పట్టుకున్నారు. కొత్తగా వచ్చిన ఆఫీసరు లేవమన్నాడు. ఈయన లేవలేదు. ఇద్దరు బంట్రోతులు రెక్క పట్టి లాగబోతే కేకలు వేసి, సిరాబుడ్డి విసిరారు. అది ఆఫీసరు నుదుటికి తగిలింది. పోలీసులు వచ్చారు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి చేతికి తాడు కట్టి లారీ ఎక్కించి ఉన్నారు. కానిస్టేబులు నాతో, "ఏం చేసేదమ్మా, మతి పోయిందని ఆయనే చెప్తుండాడు గదా. ఎన్ని తూర్లు అడిగినా మతీ బూ, మతీ బూ అంటుండాడు" అన్నాడు. నవ్వుతూ అనలేదు, జాలిగానే అన్నాడు. అయినా ఆ మాటే కాగితం మీదకు ఎక్కింది.

ఇప్పుడు నెల్లూరులో ఒక ఆసుపత్రిలో ఉంచారు. ముప్పై రోజులు కనిపెట్టి చూసి, మతి లేదని డాక్టరు రాస్తే మేజిస్ట్రేటు మద్రాసు పిచ్చాసుపత్రికి పంపుతాడట. డాక్టరు చెడ్డవాడు కాదు, చిన్నవాడు. నేను నోటుపుస్తకం చూపించాను. అతను ఓపికగా చూసి, ఇలాంటి జబ్బులో అర్థంలేని శబ్దాలు చేస్తూ తాము మాట్లాడుతున్నామనే అనుకునేవాళ్ళు ఉంటారమ్మా అన్నాడు. ఇది నిజంగా భాషే అయితే, ఆ భాష తెలిసినవాళ్ళు ఒక్కరు నా ముందు కూర్చుని ఈయనతో మాట్లాడాలి, భార్య మాట సాక్ష్యానికి చాలదు అన్నాడు.

అన్నా, నాకు తెలిసి ఆ భాష వచ్చినవాళ్ళు మీరొక్కరే. మీరిద్దరూ రంగంలో ఒకే బియ్యం మిల్లులో పనిచేశారు. నలభై రెండులో యుద్ధానికి బర్మా వదిలి నడిచి వస్తూ అరకాను కొండల్లో మీకు జ్వరం వస్తే, ముందు వెళ్ళేవాళ్ళు వెళ్ళిపోతున్నా ఆయన రెండు రోజులు మీ పక్కనే కూర్చున్నారని మీరే చెప్పారు. ఆ రుణం అడుగుతున్నానని అనుకోకండి. ఒక్క పూట వచ్చి ఆయన ఎదురుగా కూర్చోండి. ఏమంటున్నారో విని డాక్టరుకు చెప్పండి. అంతే.

తిరుగుటపాలో జవాబు రాస్తారని ఎదురు చూస్తుంటాను.

ఇట్లు,
మీ చెల్లెలి వంటిది,
వెంకటశేషమ్మ.


నెల్లూరు,
27-11-1961, సోమవారం.

ఖాజా మొహిద్దీన్ అన్నగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఒకటే వాన. మీ నుంచి జవాబు రాలేదు. రిజిష్టరు చేసి పంపిన నా ఉత్తరం మీకు అందిందని తెలుసు. అందినట్టు వచ్చిన కార్డు మీద మీ సంతకం చూశాను. అంటే చదివి ఊరుకున్నారు. మీ మనసు ఎంత విరిగిందో అర్థమైంది. అయినా మళ్ళీ రాస్తున్నాను. సిగ్గుపడే స్థితి దాటిపోయాను.

బడికి సెలవు పెట్టి పదిహేను రోజులుగా ఇక్కడే ఉన్నాను. పగలు ఆయన మంచం దగ్గర, రాత్రి రెబెక్కమ్మ గారి ఇంట్లో. ఆమె నాతోపాటు ట్రైనింగు అయిన పంతులమ్మ. మాకు ట్రైనింగులో మనస్తత్వశాస్త్రం ఒక పేపరు. ఆలోచన అంటే ఏమిటి అని ప్రశ్న వస్తే, పైకి వినపడకుండా లోపల మాట్లాడుకోవడమే ఆలోచన అని పుస్తకంలో ఉన్నదున్నట్టు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. మాట లేకపోతే ఆలోచన లేదని దాని అర్థం. ఇన్నేళ్ళూ అది నిజమనే అనుకున్నాను.

ఆయన పక్క మంచం మీద మనుబోలు నుంచి వచ్చిన వెంకయ్య అనే రైతు ఉన్నాడు. కాలు విరిగి, ఇప్పుడిప్పుడే మంచం దిగి కూర్చుంటున్నాడు. పొద్దుపోక నేలమీద బొగ్గుతో గీతలు గీసి పులిజూదం వేశాడు. ఈయన మంచం దిగి వెళ్ళి ఎదురుగా కూర్చున్నారు. ఎవరూ పిలవలేదు, ఆట చెప్పలేదు. చింతగింజలు మేకలుగా పెట్టి ఎడమచేత్తో ఆడారు. నేను సాయంత్రం వెళ్ళేసరికి వెంకయ్య, "ఈయన పిచ్చోడయితే మరి నేనేందమ్మా? మూడు తూర్లు నా పులుల్ని కదలకుండా కట్టేసినాడు. నాలుగో తూరి నేనే ఓడిపోతానని లేచి పడుకున్నా" అన్నాడు. నేను వరండాలోకి వచ్చి ఏడ్చాను. లోపల ఆయన అంతా ఉన్నారు. బయటికి వచ్చే తలుపు ఒక్కటే మూసుకుపోయింది.

ఈ సంగతి డాక్టరుకు చెప్పాను. ఆట ఆడితే మతి ఉన్నట్టు చట్టం ఒప్పుకోదమ్మా, పరీక్ష పెట్టి చూద్దాం అన్నాడు. మొన్న శనివారం పెట్టాడు. నన్ను గదిలో ఒక మూల కూర్చోనిచ్చాడు, పెదవి కదపకూడదని షరతు. మా ట్రైనింగులో పిల్లలకు పెట్టే బుద్ధి పరీక్ష లాంటిదే, పెద్దవాళ్ళది. నేనూ మా బడిలో పిల్లలకు పెట్టాను. ఇన్ని జవాబులకు ఇంత వయస్సు అని లెక్కకట్టి, ఫలానా పిల్ల మందమతి అని పుస్తకంలో రాశాను. పెంచలమ్మ అని చేపలు పట్టే పట్టపువాళ్ళ పిల్ల ఏమీ చెప్పకుండా నన్నే చూస్తూ కూర్చుంటే సున్న వేశాను. తరువాత ఆ పిల్ల బడి మానేసింది. ఆ చూపు ఏమిటో శనివారం నాడు తెలిసింది.

ముందు ఎరుపూ తెలుపూ చెక్కముక్కలు ఇచ్చి, బొమ్మలో ఉన్నట్టు పేర్చమన్నాడు. ఆయన ఒంటిచేత్తో గడియారం చూసి పెట్టిన గడువు కంటే ముందే పేర్చారు. మరొకటి ఇచ్చాడు, అదీ పేర్చారు. డాక్టరు కళ్ళజోడు సర్దుకుని మూడోది ఇచ్చాడు, అది కూడా. ఆ తరువాత ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఇవాళ ఏ వారం? మతీబూ. ఇరవైలోంచి మూడు తీసేస్తే ఎంత? ఆయన మంచి గుమాస్తా అన్నా, రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని పెదవులు కదిపి, ఏదో గట్టిగా చెప్పారు. అంకే అయి ఉంటుంది, సరిగ్గానే చెప్పి ఉంటారు. డాక్టరు సున్న వేశాడు. ఆవుకూ మేకకూ పోలిక ఏమిటి? ఆయన డాక్టరు ముఖం చూసి, నా ముఖం చూసి, తల దించుకున్నారు. పేరు రాయమని కాగితం ఇచ్చాడు. ఎడమచేత్తో చాలాసేపు రాశారు. డాక్టరు దాన్ని తిప్పి తిప్పి చూసి, "సున్నలు చుట్టినారమ్మా. అరసున్నలూ నిండుసున్నలూ. చిన్నపిల్లలు గీస్తారే, అట్లా" అన్నాడు.

అన్నీ కూడితే నాలుగేళ్ళ పిల్లవాడి మానసిక వయస్సు తేలిందట. చేత్తో చేసినవన్నీ సరిగ్గా చేశారు కదా, నోటితో చెప్పవలసినవి ఇందులో ఎందుకు కలుపుతారు, ఈత కొట్టి చూపించినవాడికి పరుగెత్తలేడని మార్కులు తీసేసినట్టు లేదా అని అడిగాను. డాక్టరు ఫారం నా వైపు తిప్పి చూపించాడు. ఇందులో ఒక్కటే గడి ఉందమ్మా, ఒక్కటే అంకె వెయ్యాలి అన్నాడు. ఇంకో చిక్కు కూడా చెప్పాడు. ఇక్కడ మందులిచ్చే చిన్న నర్సు కనపడినప్పుడల్లా ఆమె చెయ్యి పట్టుకుంటున్నారట. ఆ పిల్ల భయపడి ఫిర్యాదు ఇచ్చింది. సిరాబుడ్డి, దాని మీద ఇది. మనిషి ప్రమాదకరం అని రాయడానికి ఇంకేం కావాలి? ఎందుకలా చేస్తున్నారని నన్ను అడిగాడు. నాకు తెలియదన్నాను.

శుక్రవారం, డిసెంబరు ఒకటో తేదీ, పదకొండు గంటలకు మేజిస్ట్రేటు ముందు పెడతారు. డాక్టరు పది గంటలకు కాగితం మీద సంతకం చేస్తాడు. పదిలోపల ఆ మనిషి వస్తే నేను రాసింది కొట్టేసి మళ్ళీ రాస్తాను, మాట ఇస్తున్నాను అన్నాడు. రాకపోతే శనివారం ఉదయం మెయిలు బండికి ఇద్దరు కానిస్టేబుళ్ళతో మద్రాసు. అక్కడ పిచ్చివాళ్ళ మధ్య పడేస్తే ఈయన భాష వినేవాళ్ళు ఎవరు? యే, యే అని అరిస్తే నీళ్ళు ఇచ్చేవాళ్ళు ఎవరు? నోరు ఎండి చనిపోతారు. నేను ఊరికే భయపెట్టడానికి రాయడంలేదు.

ఆయన సున్నలు చుట్టిన కాగితం డాక్టరును బతిమాలి తీసుకున్నాను. దీంతోపాటు పెడుతున్నాను. అవి సున్నలు కావనీ, బర్మా అక్షరాలు గుండ్రంగా ఉంటాయనీ నాకు తెలుసు. ఏం రాశారో చదవడం మాత్రం తెలియదు. మీకు తెలుస్తుంది. నా మీద కోపం ఉంటే నా ముఖం చూడకుండానే వెళ్ళండి. నేను ఆ పూట ఆసుపత్రి ఆవరణలోనే ఉండను. ఆయన కోసం రండి.

ఇట్లు,
వెంకటశేషమ్మ.

తా.క. మంగళవారం పొద్దున రాస్తున్నాను. నిన్న కవరు అంటించబోయి ఆగిపోయాను. ఇలా రాస్తే మీరు రారు. ఎందుకు రారో నాకు తెలుసు. ఆయన మిమ్మల్ని గడప తొక్కవద్దన్నారని మీరు అనుకుంటున్నారు.

ఆయన అనలేదు. నేను అన్నాను.

నలభైతొమ్మిది కార్తీకంలో మీరు బర్మా నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆయన కొటారులో ఉన్నారు. అరుగు మీద కూర్చుని అది నాకు తెలుగులో చదివి చెప్పారు. రంగం మీద బాంబులు పడ్డప్పుడు ఆయన మొదటి భార్య నిజంగానే పోయిందనీ, ఆమెతోపాటే పోయిందనుకున్న కూతురు పోలేదనీ, పదకొండేళ్ళ పిల్ల అయి మోల్మేనులో మేనమామ దగ్గర ఉందనీ, నాన్న బతికే ఉన్నాడా అని అడిగిస్తోందనీ. మీరు సంతోషంతో ఏడ్చారు. ఉత్తరం ఇచ్చి వెళ్ళండి, నేనే నిదానంగా చెబుతాను, రేపు రండి అన్నాను. మరునాడు మీరు ఇంటిదాకా రాకముందే బస్సు దగ్గరకు ఎదురొచ్చి, ఆయన చదివి చించేశారనీ, నాకు ఏ కూతురూ లేదన్నారనీ, ఆ ఖాజాను నా గడప తొక్కనివ్వవద్దన్నారనీ చెప్పాను. మీరు అదే బస్సు ఎక్కి వెళ్ళిపోయారు.

ఆయన ఆ ఉత్తరం చూడనే లేదు. ముందురోజు సాయంత్రం ఆయన వచ్చేలోపల దాన్ని పొయ్యిలో పెట్టాను. మీరు వచ్చి వెళ్ళారనీ, వ్యాపారం పెరిగింది కనుక పాత స్నేహాలు ఇక కుదరవన్నారనీ ఆయనకు చెప్పాను. ఆయన నమ్మలేదు. మీకు రెండు కార్డులు రాసి, బడి దగ్గర డబ్బాలో వెయ్యమని నాకే ఇచ్చారు. నేను వెయ్యలేదు. అప్పటికి నాకు పెళ్ళయి ఐదేళ్ళు. ఇద్దరు పిల్లలు కడుపులోనే పోయారు. ఆ పిల్ల వచ్చి వాకిట్లో నిలబడితే ఆ ఇంట్లో నేను ఎవరిని అవుతానో నాకు తెలియలేదు. భయం. దానికి ఇంకో పేరు పెట్టను.

మొదటి ఉత్తరంలో ఆయన మాటలు రాశాను కదా, ఒకటి రాయలేదు. ఆ నర్సు చెయ్యి పట్టుకున్నప్పుడు ఆయన అనే మాట 'తమీ'. దాని అర్థం నాకు తెలియక కాదు. ఆ రోజు అరుగు మీద మీరే చెప్పారు, తమీ అంటే కూతురమ్మా అని. నర్సుకు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. బతికి ఉంటే ఆ పిల్లకూ అంతే. డాక్టరు అడిగినప్పుడు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన మీద ఆ మచ్చ పడేది కాదు. నోరు రాలేదు. పరీక్షలో డాక్టరు అడిగిన ఒక ప్రశ్న కూడా మీకు రాయలేదు. స్టాంపు అంటించి, అడ్రసు రాసిన ఎవరిదో ఉత్తరం దారిలో దొరికితే ఏం చేస్తావు అని. ఆయన మతీబూ అన్నారు. మూల కూర్చున్న నాకు ఆ రెండు కార్డులూ గుర్తొచ్చాయి.

నిన్న సాయంత్రం డాక్టరుకు అంతా చెప్పాను. అతను 'కూతురు' అని రాసుకుని, ఫిర్యాదు కాగితం పక్కన పెట్టాడు. అయినా సాక్షి కావాలమ్మా, శుక్రవారం పదిలోపల అన్నాడు.

ఆ తరువాత ఆయన మంచం దగ్గరకు వెళ్ళాను. మన మాట ఎంత అర్థమవుతుందో తెలియదు. ఒక్కొక్క మాటా విడదీసి తెలుగులోనే చెప్పాను. మీ తమీ చనిపోలేదు. ఉత్తరం వచ్చింది. ఖాజా అన్న తెచ్చాడు. నేను దాచాను. మతీబూ అనలేదు. నా ముఖంలోకి చాలాసేపు చూశారు. కొడతారనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఎడమచెయ్యి చాపి, అరచెయ్యి పైకి తిప్పి పెట్టారు. ఉత్తరం ఇమ్మని. కాల్చేశానని చెప్పాను. ఆ మాట ఆయనదాకా వెళ్ళిందో లేదో తెలియదు. చెయ్యి తీయలేదు. బయటివాళ్ళు వెళ్ళిపోవాలని గంట కొట్టేదాకా అలాగే పట్టుకుని ఉన్నారు. ఇవాళ పొద్దున నేను గుమ్మంలో కనపడగానే మళ్ళీ చాపారు. ఆ చేతిలో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.

అన్నా, ఆ పిల్ల అడ్రసు మీ దగ్గర ఉంటే తీసుకుని రండి.